పిలవని పేరంటానికి వచ్చిన పార్టిషన్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిది దాదాపు ఒకే గోడు. హార్డ్ డిస్క్‌లో తాము పెట్టని పార్టిషన్, అంటే విడిగా కోసి పెట్టిన ముక్క, ఏదో ఉంది, అది ఎవరిది, ఎందుకొచ్చింది అని. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, మేమంతా సీటీసీ అని పిలుచుకునే ఆ బిల్డింగ్‌లో, ఇరవై రెండేళ్లుగా డేటా రికవరీ పని చేస్తున్నాను. ఈ ప్రశ్న కౌంటర్ దగ్గర తరచూ వినేదే. చిక్కేమిటంటే సగంమంది అడగడానికి రారు, డిలీట్ చేసేశాక వస్తారు. అందుకే ఈసారి ప్రింటర్ల గొడవలు, వైఫై గొడవలు పక్కన పెట్టి వీటికే జాగా ఇచ్చాను.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ లెక్చరర్‌ని. మా అబ్బాయి డల్లాస్ నుంచి వచ్చినప్పుడు 2 టీబీ మై పాస్‌పోర్ట్ డ్రైవ్ తెచ్చాడు. తన మ్యాక్‌బుక్‌లో ఏదో సెట్ చేసి, పాస్‌వర్డ్ పెట్టి, నాకు ఇచ్చి వెళ్లాడు. పోయిన మా వారి ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. నా విండోస్ ల్యాప్‌టాప్‌కు పెడితే ముందు ఒక సీడీ కనిపిస్తుంది. నా ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవే లేదు! పాస్‌వర్డ్ కొట్టాకే ఫొటోలు వస్తాయి. మొన్న పైఇంటి కుర్రాడు ఏదో స్క్రీన్ తెరిచి, ‘ఆంటీ, ఇందులో 200 ఎంబీ పార్టిషన్ ఒకటి దాక్కుంది, తెరుద్దామంటే తెరుచుకోవట్లేదు, ఎవరో హ్యాక్ చేసినట్టున్నారు, మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్నాడు. వద్దని డ్రైవ్ తీసి బీరువాలో పెట్టాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు? — వనస్థలిపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టీచర్ గారూ, డ్రైవ్ తీసి బీరువాలో పెట్టారు చూడండీ, చేయాల్సిన పని అదే. ఆ అబ్బాయి మాట విని ఉంటే ఇప్పుడు మీరు నాకు ఉత్తరం రాసేవారు కాదు, షాపుకు వచ్చేవారు.

మీ డ్రైవ్‌లో పిలవకుండా వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ వేర్వేరు ఊళ్లవాళ్లు. ఒకరు సీడీ, ఇంకొకరు 200 ఎంబీ. ముందు సీడీ సంగతి చూద్దాం.

మీ అబ్బాయి పెట్టిన పాస్‌వర్డ్ విండోస్‌కు పెట్టింది కాదు, మ్యాక్‌కు పెట్టిందీ కాదు. ఆ డ్రైవ్ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది, తాళం దాని చేతిలో ఉంది. పాస్‌వర్డ్ కొట్టేదాకా అది డిస్క్‌ను ఎవరికీ చూపించదు. మరి డిస్క్ కనిపించకపోతే పాస్‌వర్డ్ ఎక్కడ కొట్టాలి? అందుకోసం కంపెనీవాళ్లు ఒక ఉత్తుత్తి సీడీ పెట్టారు. డబ్ల్యూడీ అన్‌లాకర్ అనే పేరుతో కనిపించేది అదే. అందులో తాళం తీసే ప్రోగ్రామ్ ఉంటుంది. నిజం సీడీ కాదు, సీడీలా నటించే చిన్న జాగా. మన అపార్ట్‌మెంట్లలో గేటు పక్కన వాచ్‌మన్ గది ఉంటుంది కదా, అలాంటిదనుకోండి. వచ్చినవాళ్లు ముందు అక్కడ పేరు చెప్పుకుంటేనే లిఫ్ట్ దాకా వెళ్లగలరు. అది మీ ఫ్లాట్ కాదు, మీ సామాను అందులో ఏమీ లేదు. కానీ అది లేకపోతే లోపలికి దారి లేదు.

ఇక 200 ఎంబీ. మ్యాక్‌బుక్‌లో సెట్ చేశాడని మీరు రాయగానే నాకు సగం అర్థమైంది. మ్యాక్‌లో జీయూఐడీ అనే పార్టిషన్ పద్ధతిలో డిస్క్‌ను ఫార్మాట్ చేస్తే, అడిగినా అడగకపోయినా మొదట్లో ఒక 200 ఎంబీ ముక్క కోసి పక్కన పెడుతుంది. దాని పేరు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వెతుక్కునే ఫైళ్ల కోసం ఉంచే జాగా అది. మీలా ఫొటోలు దాచుకునే బయటి డ్రైవ్‌లో దాదాపు ఖాళీగానే పడి ఉంటుంది. మోటార్ లేకపోయినా బిల్డర్ కట్టేసిన మోటార్ రూమ్ లాంటిదన్నమాట.

‘పాస్‌వర్డ్ పెట్టాం కదా, మరి ఈ పార్టిషన్ బయటికి ఎలా కనిపించింది?’ అని మీకు అనుమానం రావచ్చు. పాస్‌వర్డ్ కొట్టాకే కనిపించింది, గమనించారా? తాళం తీశాక గేటు లోపలున్నదంతా కనిపిస్తుంది, మోటార్ రూమ్‌తో సహా. అదే విండోస్ సొంత తాళం బిట్‌లాకర్‌తో వేసి ఉంటే కథ వేరు. దాంట్లో తాళం ఒక్క ఫ్లాట్‌కే పడుతుంది. కింద గోడ మీద ఉండే నేమ్‌బోర్డుకు పడదు. ఏ ముక్క ఎక్కడ మొదలైంది, ఎంత పొడుగు, ఏ రకం అన్నది ఆ బోర్డు మీద ఎవరైనా చదువుకోవచ్చు, లోపలికి మాత్రం వెళ్లలేరు. అసలు నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో తెలుసుకోవాల్సింది ఒక్కటే: తాళం ఎక్కడ పడింది? గేటుకా, ఫ్లాట్‌కా? అది తెలిస్తే ఏ పార్టిషన్ ఎందుకు కనిపిస్తోందో దానంతటదే తేలుతుంది.

మీరే చూసుకోండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ అని వస్తుంది. కింద పట్టీల్లో మీ డ్రైవ్ వరుసలో మొదటి చిన్న పట్టీ మీద 200 ఎంబీ, హెల్దీ, ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి చూడండి, హెల్ప్ తప్ప ఇంకేమీ పనిచేయదు. ఆ అబ్బాయికి తెరుచుకోనిది అందుకే. హ్యాకర్ కాదు, విండోస్సే దాన్ని ముట్టుకోవద్దని చేతులు కట్టేసింది. తుడిచేస్తే మీకు కలిసొచ్చేది కూడా ఏమీ లేదు. 2 టీబీలో 200 ఎంబీ అంటే పదివేలలో ఒక వంతు.

సైజు చూస్తేనే ఊరు చెప్పొచ్చు అని మా షాపులో పిల్లలకు నేర్పిస్తాను. 200 అంటే మ్యాక్. 16 అయినా 128 అయినా విండోస్, కొత్తది 16 పెడితే విండోస్ 10కు ముందువి 128 పెట్టేవి. 100 ఎంబీ ఈఎఫ్ఐ ఉంటే ఒకప్పుడు ఆ డిస్క్ మీద విండోస్ ఎక్కించి ఉంటారు. పాత మ్యాక్‌లో బయటి డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తే, అంటే తాళం వేస్తే, చివర్లో మ్యాక్ లెక్కలో 134 ఎంబీ ముక్క ఒకటి ‘బూట్ ఓఎస్ ఎక్స్’ అనే పేరుతో మిగులుతుంది, 2017లో యాపిల్ కొత్త ఫైల్ పద్ధతి ఏపీఎఫ్ఎస్ వచ్చాక ఆ బెడద తగ్గింది. వందల జీబీల ముక్క ఏదైనా కొత్తగా పుడితే మాత్రం అప్పుడు కూర్చుని అడగాలి, ఇంట్లో ఎవరు ఏం చేశారని. దానికీ దాదాపు ప్రతిసారీ జవాబు ఇంట్లోనే దొరుకుతుంది.

మీ డ్రైవ్ విషయంలో నాకు ఆ పార్టిషన్ గురించి బెంగ లేదు, ఇంకోదాని గురించి ఉంది. ఈ రకం డ్రైవ్‌లు చాలావాటిలో ఎన్‌క్రిప్షన్ బోర్డు మీదున్న చిప్ చేస్తుంది, మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. పైగా చాలా మోడళ్లలో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డుకే అతికించి ఉంటుంది, కేసింగ్ మార్చేద్దామంటే కుదరదు. రెండేళ్ల కింద ఒకాయన వచ్చారు, బిడ్డ పుట్టిన దగ్గర నుంచి తీసిన వీడియోలు. డ్రైవ్ కింద పడి సాకెట్ ఊడింది. అప్పటికే వేరే చోట ఎవరో దాని బోర్డు పీకేసి, అదే మోడల్‌ది మామూలు సాటా బోర్డు (యూఎస్‌బీ కాకుండా కంప్యూటర్ లోపల తగిలించే రకం) పెట్టి, ‘డిస్క్ తిరుగుతోంది గానీ డేటా లేదు సార్’ అని పంపించారు. డిస్క్ నిజంగానే బ్రహ్మాండంగా తిరుగుతోంది. చదివితే మాత్రం మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా చెత్త. చెత్త కాదు, తాళం వేసిన డేటా. తాళంచెవి పాత బోర్డు మీద ఉండిపోయింది.

‘పాత బోర్డు ఏది సార్?’ అంటే ఆయనకు తెలియదు. వెంటనే బండి మీద పంపించాను. గంటన్నరకు తిరిగొచ్చారు, చేతిలో గుట్కా డబ్బా. స్క్రూలు, విరిగిన పిన్నులు, రెండు పాత సిమ్ ట్రేలతో పాటు ఆ బోర్డు అందులోనే ఉంది, అదృష్టం. సాకెట్ ఊడిన చోట నాలుగు వైర్లు అతికించి, పాత బోర్డు వెనక్కి పెట్టి, పాస్‌వర్డ్ కొట్టమన్నాను. తెరుచుకుంది. ఆ డబ్బాను పొద్దునే ఎవరైనా ఊడ్చి పారేసి ఉంటే నేనే కాదు, ఆ డ్రైవ్ చేసిన కంపెనీ కూడా ఏమీ చేయలేకపోయేది.

కాబట్టి టీచర్ గారూ, 200 ఎంబీని వదిలేసి, మీ వారి ఫొటోలను ఇంకో డ్రైవ్‌లోకి ఒక కాపీ తీయించండి. పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి ఇంటి కాగితాల ఫైల్‌లోనే పెట్టండి. కాగితం మీద రాయొద్దని చెప్పేవాళ్లుంటారు. వాళ్లు మీ వయసులో ఎనిమిదక్షరాల పాస్‌వర్డ్‌ను డల్లాస్‌లో రాత్రి రెండు గంటలప్పుడు ఫోన్ చేసి అడిగినవాళ్లు కాదు. ఈ డ్రైవ్‌కు పాస్‌వర్డ్ మర్చిపోతే డేటా తుడిచేసి ఖాళీ డ్రైవ్‌గా వాడుకోవడం తప్ప వేరే దారి లేదు.

పైఇంటి అబ్బాయిని తిట్టకండి. చూడ్డం తెలిసినవాడే, ఆగడం ఇంకా రాలేదు.

ప్రశ్న: అక్కా, 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాను. 931 జీబీ అని చూపిస్తోంది. మిగతా 69 జీబీలో కంపెనీవాళ్లు రహస్య పార్టిషన్ పెట్టారని మా రూమ్‌మేట్ అంటున్నాడు. నిజమా? — అశోక్‌నగర్ నుంచి గ్రూప్స్‌కు చదువుతున్న విద్యార్థి

జవాబు: గ్రూప్స్‌కు చదువుతున్నావు కాబట్టి లెక్కే చెప్తాను. డబ్బా మీద 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. అమ్మేవాడు 1000తో లెక్కేస్తాడు, విండోస్ 1024తో లెక్కేసి దానికీ జీబీ అనే పేరే పెడుతుంది. లక్ష కోట్లను 1024తో మూడుసార్లు భాగించు, 931 చిల్లర వస్తుంది. అదే డిస్క్ మ్యాక్‌కు పెడితే నిండుగా 1 టీబీ చూపిస్తుంది, వాళ్లు 2009 నుంచి 1000 లెక్కకు మారిపోయారు. మీ 69 జీబీ ఎవరూ తినలేదు, అసలది లేనేలేదు.

రూమ్‌మేట్‌కు కుట్రల మీద అంత ఆసక్తి ఉంటే వేరే పని చెప్పు. ఆన్‌లైన్‌లో 16 టీబీ డిస్క్ పదిహేను వందలకు అని వస్తాయే, వాటిని విప్పి చూడమను. లోపల మెమరీ కార్డు ఒకటి గమ్ముతో అతికించి ఉంటుంది. సైజు మాత్రం 16 టీబీ అని ధైర్యంగా చెప్తుంది. కుట్ర అంటే అది.

ప్రశ్న: అక్కా, నా విండోస్ 11 ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. ఎస్ఎస్‌డీ తీసి యూఎస్‌బీ కేసింగ్‌లో వేసి ఫ్రెండ్ సిస్టమ్‌కు పెట్టాను. నేను ఒక్క సీ డ్రైవే వాడాను. ఇందులో మూడు ముక్కలున్నాయి: 260 ఎంబీ ఒకటి, తాళం బొమ్మతో పెద్దది ఒకటి, చివర్లో 800 ఎంబీ దాకా ఒకటి. పెద్దది తెరిస్తే 48 అంకెల కీ అడుగుతోంది. నేను జీవితంలో ఏ బిట్‌లాకరూ ఆన్ చేయలేదు. ఇది రాన్సమ్‌వేరా? — కూకట్‌పల్లి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: కాదు తమ్ముడూ. రాన్సమ్‌వేర్ అయితే ముందు డబ్బులడుగుతుంది. ఇది నిన్ను కీ అడుగుతోంది, అంటే నీదే.

ఆ మూడూ నీ ల్యాప్‌టాప్‌లో మొదటి రోజు నుంచీ ఉన్నవే. లోపలున్నప్పుడు విండోస్ నీకు సీ ఒక్కటే చూపించింది. 260 ఎంబీది బూట్ అయ్యే జాగా, చివరిది విండోస్ చెడితే బాగు చేసుకునే రికవరీ జాగా. నువ్వు లెక్కపెట్టనిది నాలుగోది కూడా ఉంది, 16 ఎంబీ. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని చూపించదు. చూడాలనుంటే విండోస్‌లో మాటలు టైప్ చేసి నడిపే డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రామ్‌లో ఆ డిస్క్‌ను ఎంచుకుని ‘లిస్ట్ పార్టిషన్’ కొట్టు, రిజర్వ్‌డ్ అని కనిపిస్తుంది. డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అనే ఇంకో మాట కూడా ఉంది. పేరు చూసి మోసపోకు, అది శుభ్రం చేయదు, నేమ్‌బోర్డునే పీకేస్తుంది. ‘నిజంగా చేయమంటారా?’ అని ఒక్కసారి కూడా అడగదు.

తాళం సంగతి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. హోమ్ ఎడిషన్‌లో కూడా. విండోస్ 11కు 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక ఇది ఇంకా ఎక్కువ మెషీన్లకు వర్తిస్తోంది. ఇన్నాళ్లూ మదర్‌బోర్డు మీదున్న టీపీఎం చిప్ నీకు తెలియకుండా రోజూ తాళం తీసి పెట్టింది. బోర్డుతో పాటు అదీ పోయింది. ఇప్పుడు మిగిలింది ఆ 48 అంకెలే.

అవి నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. ఫోన్‌లో అకౌంట్ తెరిచి, డివైసెస్‌లో ఆ ల్యాప్‌టాప్ కింద బిట్‌లాకర్ రికవరీ కీ చూడు. ఒకటి కంటే ఎక్కువ ఉంటే కంగారుపడకు. కీ అడిగే స్క్రీన్ మీద కీ ఐడీ అని ఎనిమిది అక్షరాలుంటాయి, దాంతో కలిసేది పట్టుకో. అక్కడ లేకపోతే ఆ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడైనా ఆఫీసు మెయిల్ కానీ కాలేజీ మెయిల్ కానీ కలిపావా గుర్తు తెచ్చుకో. కీ వాళ్ల దగ్గర కూర్చుని ఉండొచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయిది ఇంజనీరింగ్ కాలేజీ అకౌంట్‌లో దొరికింది, పాసై మూడేళ్లయ్యాక. ఆ అకౌంట్ ఇంకా తీసేయలేదు కాబట్టి సరిపోయింది.

అంకెలు కొట్టేటప్పుడు ఒక చిట్కా. 48 అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటాయి. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగమవుతుంది. ఉదాహరణకు 123453 అనుకో, 11తో భాగిస్తే సరిగ్గా 11223. మసకగా ఉన్న కాగితం మీద ఆ 5ను 6 అని చదివావనుకో, 123463 అవుతుంది, భాగం పోదు. వాట్సాప్‌లో ఎవరో ఫొటో తీసి పంపిన కీలో ఒక్క అంకె అర్థం కాక తల పట్టుకున్నప్పుడు ఈ లెక్క నన్ను చాలాసార్లు కాపాడింది.

కీ దొరికితే నీ ఫ్రెండ్ సిస్టమ్ హోమ్ ఎడిషన్ అయినా ఫరవాలేదు, తెరుస్తుంది. బయటి డ్రైవ్‌కు కొత్తగా బిట్‌లాకర్ తాళం వేయడమే హోమ్‌లో కుదరదు. కీ ఎక్కడా దొరక్కపోతే మాత్రం, అమీర్‌పేటలోనో ఇంకెక్కడో ‘తీసిస్తాం’ అని బోర్డు పెట్టినవాళ్లకు డబ్బులు కట్టొద్దు. కీ లేని బిట్‌లాకర్‌ను నేను తీయలేను. తీస్తానని ముందే అడ్వాన్స్ అడిగేవాళ్లను నేను నమ్మను.

ప్రశ్న: మేడమ్, నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. కస్టమర్ల ఫొటోలు బయటికి పోకూడదని 4 టీబీ డ్రైవ్ మొత్తాన్నీ వెరాక్రిప్ట్ అనే తాళం ప్రోగ్రామ్‌తో ఎన్‌క్రిప్ట్ చేశాను. పోయిన నెల ఆల్బమ్ ప్రింటింగ్‌కు వెళ్లి అక్కడి సిస్టమ్‌కు పెడితే ‘డిస్క్ ఇనిషియలైజ్ చేయాలి’ అని వచ్చింది. నేను పెన్ డ్రైవ్ వెతుక్కునేలోపే అక్కడి అబ్బాయి ఓకే కొట్టేశాడు. ఇప్పుడు నా పాస్‌వర్డ్ తప్పు అంటోంది. 3,725 జీబీ అన్ అలొకేటెడ్ అని వస్తోంది. మా బామ్మర్ది డిస్క్‌పార్ట్‌లో చూసి 16 ఎంబీ పార్టిషన్ ఒకటి కొత్తగా పుట్టిందన్నాడు. పదకొండు పెళ్లిళ్లు అందులో ఉన్నాయి, నాలుగింటికి ఇంకా ఆల్బమ్ ఇవ్వలేదు. ఆశ ఉందా? — నారాయణగూడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్నా, ఉంది. ఓకే కొట్టాక ఇంకేమీ చేయలేదు కదా? న్యూ సింపుల్ వాల్యూమ్ అని, ఫార్మాట్ అని? మీ ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

పైన టీచర్ గారికి తాళం గేటుకా, ఫ్లాట్‌కా అని చెప్పాను. మీది మూడో రకం. మీరు బిల్డింగ్ మొత్తాన్నీ ముసుగు వేసి కప్పేశారు, నేమ్‌బోర్డుతో సహా. డ్రైవ్ మొత్తాన్నీ వెరాక్రిప్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తే పార్టిషన్ టేబుల్, అదే ఆ నేమ్‌బోర్డు, అసలుండదు. మొదటి బైటు నుంచి చివరి దాకా అర్థంపర్థం లేని అంకెల్లా కనిపిస్తుంది. వెరాక్రిప్ట్ కావాలనే అలా చేస్తుంది, అక్కడ తాళం ఉందని కూడా తెలియకూడదని. కొత్త విండోస్ దాన్ని చూసి ఏమనుకుంటుంది? ఖాళీ ప్లాటు అనుకుంటుంది. మన ఊళ్లో బోర్డు లేని ప్లాటు కనిపిస్తే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. రాత్రికి రాత్రి హద్దురాళ్లు పాతేస్తారు. ఇనిషియలైజ్ అంటే అదే. ఆ 16 ఎంబీ పార్టిషన్ విండోస్ తన కోసం వేసుకున్న మొదటి హద్దు.

అయితే ఆ రాళ్లు ఎక్కడ పడ్డాయో చూడండి. జీపీటీ పద్ధతిలో (టీచర్ గారికి చెప్పిన జీయూఐడీ ఇదే) ఇనిషియలైజ్ చేస్తే డిస్క్ మొదట్లో 34 సెక్టార్లు రాస్తుంది, అంటే 17 కేబీ. చివర్లో ఇంకో 33. వెరాక్రిప్ట్ మొదటి 128 కేబీని హెడర్ కోసం ఉంచుకుంటుంది, మీ ఫొటోలు ఆ తర్వాతే మొదలవుతాయి. కాబట్టి దెబ్బ హెడర్‌కు తగిలింది, ఫొటోలకు కాదు. 16 ఎంబీ పార్టిషన్ కూడా బోర్డు మీద రాసిన పేరే, ఆ 16 ఎంబీ లోపల ఏమీ చెరపలేదు. హెడర్ అంటే మీ పాస్‌వర్డ్‌తో తెరుచుకునే చిన్న పెట్టె, అసలు తాళంచెవి అందులో ఉంటుంది. పెట్టె పోయింది కాబట్టి సరైన పాస్‌వర్డ్ కూడా తప్పనే అంటుంది.

ఇప్పుడు అదృష్టం వినండి. వెరాక్రిప్ట్ అదే పెట్టెకు ఇంకో కాపీని డిస్క్ చివరి 128 కేబీలో దాచిపెడుతుంది. విండోస్ చివర్లో రాసిన 33 సెక్టార్లు మరీ అంచున, సుమారు 16.5 కేబీలో పడతాయి. ఆ కాపీ వాటికి ముందే ఉంటుంది, తగలదు.

చేయాల్సింది ఇది. అదే కేసింగ్, అదే కేబుల్ వాడండి. కాపీని వెరాక్రిప్ట్ డిస్క్ చివరి నుంచి లెక్కపెట్టి వెతుకుతుంది, కేసింగ్ మార్చితే కొన్ని డిస్క్ సైజును కొంచెం తేడాగా చెప్తాయి, అప్పుడు దొరకదు. విండోస్ ఏది అడిగినా క్యాన్సిల్. వెరాక్రిప్ట్‌లో సెలెక్ట్ డివైస్‌కు వెళ్లి 16 ఎంబీ పార్టిషన్ లైన్ కాదు, దాని పైనున్న హార్డ్‌డిస్క్ లైన్‌నే పట్టుకోండి. పాస్‌వర్డ్ కొట్టే చోట మౌంట్ ఆప్షన్స్ ఉంటుంది. అందులో రెండు టిక్‌లు పెట్టాలి: ఒకటి రీడ్ ఓన్లీ, రెండోది ఎంబెడెడ్ బ్యాకప్ హెడర్ వాడమనేది. టూల్స్‌లో రిస్టోర్ వాల్యూమ్ హెడర్ అని కూడా ఉంది, చాలామంది ముందు అదే చేయమంటారు. నేను చేయమనను. అది డిస్క్ మీద రాస్తుంది. పదకొండు పెళ్లిళ్లు బయటికి తీసుకునేదాకా ఆ డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు.

బయటికి తీశాక మళ్లీ అలాగే మొత్తం డ్రైవ్‌ను కప్పకండి. ముందు మామూలుగా ఒక పార్టిషన్ చేసి, ఆ పార్టిషన్‌ను ఎన్‌క్రిప్ట్ చేయండి. అప్పుడు నేమ్‌బోర్డు ఉంటుంది, ఎవరి విండోస్‌కు పెట్టినా ఖాళీ ప్లాటు అనుకోదు. ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడగడం మాత్రం మానదు. అందుకని మీ సిస్టమ్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ పార్టిషన్‌కు డ్రైవ్ లెటర్ తీసేయండి, ఇక నోరెత్తదు. వేరేవాళ్ల సిస్టమ్ మళ్లీ అడగొచ్చు, కాబట్టి ప్రింటింగ్‌కు ఈ డ్రైవ్ తీసుకెళ్లొద్దు, కావలసిన ఫొటోలు పెన్ డ్రైవ్‌లో వేసుకెళ్లండి.

*తాజా కలం:* ఈ జవాబు అచ్చుకు పంపేలోపు ఆయన ఓపిక పట్టలేక పత్రికవాళ్లను అడిగి షాపుకే వచ్చేశారు, బామ్మర్దిని వెంటేసుకుని. డ్రైవ్‌ను టవల్‌లో చుట్టి, టిఫిన్ బాక్సులా రెండు చేతులతో పట్టుకొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. హార్డ్‌డిస్క్ లైన్ పట్టుకుని, రెండు టిక్‌లు పెట్టి, పాస్‌వర్డ్ మీరే కొట్టండి అని కీబోర్డు ఇటు తిప్పాను. మొదటిసారి తప్పు కొట్టారు, చెయ్యి వణుకుతోంది. రెండోసారి కొట్టాక వెరాక్రిప్ట్ కొంచెంసేపు అలాగే తిరిగింది. ఆ కొంచెంసేపట్లో బామ్మర్ది మూడు దేవుళ్ల పేర్లు తలుచుకున్నాడు. డ్రైవ్ తెరుచుకుంది.

మొదటి ఫోల్డర్‌లో మొదటి ఫొటో, పసుపు నీళ్లలో తడిసి ముద్దయి కళ్లు మూసుకుని నవ్వుతున్న పెళ్లికూతురు. ‘ఫోకస్ పోయింది ఇది, డిలీట్ చేద్దామనుకున్నా’ అన్నారాయన. డేటా మొత్తం 2.6 టీబీ లెక్క తేలింది. సెకనుకు సుమారు వంద ఎంబీ చొప్పున కాపీకి పెడితే ఏడు గంటల పైమాటే. సాయంత్రం ఆరైంది, షటర్ దించే టైమ్. డ్రైవ్ ఇక్కడే వదిలి పొద్దున రండి అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి బామ్మర్దిని కింద ఇరానీ చాయ్‌కు పంపి, నేను ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను.